స్లోలో ఊగే ఇంజన్

నాగార్జునకొండ నుంచి తిరిగొచ్చే లాంచీ రేవుకు దగ్గరపడగానే డ్రైవర్ ఇంజన్‌ను స్లోకు దించుతాడు. బాగున్న ఇంజనైతే ఒకే తీరుగా గుడగుడమంటూ ఉంటుంది. బాగాలేనిదైతే శబ్దం లేస్తుంది, సెకనో రెండో ఆగి పడిపోతుంది, ఇక ఆగిపోయిందనుకునేలోపు మళ్లీ లేస్తుంది. డ్రైవర్ చెయ్యి లివర్ మీద కూడా ఉండదు. వేగం దానంతటదే ఊగుతుంటుంది.

డీజిల్ మెకానిక్కులు దీన్ని హంటింగ్ అంటారు. బైకు షెడ్డులో మాట వేరు, జబ్బు ఒకటే. "అన్నా, బండి స్లోల నిలబడ్తలేదు" అంటాడు కుర్రాడు. "ఏం గాదు తమ్మీ, జర స్లో పెంచుత" అంటాడు మెకానిక్. స్క్రూ అరచుట్టు తిరుగుతుంది, బండి నిలబడుతుంది, ఇరవై రూపాయలు చేతులు మారతాయి. వారం తిరిగేసరికి బండి మళ్లీ అదే షెడ్డు ముందు ఉంటుంది. ఈ వ్యాసం ఆ అరచుట్టు గురించే. స్లోలో ఇంజన్ ఊగడానికీ, స్లో ఎంత పెట్టామన్నదానికీ సంబంధం చాలా తక్కువ.

ఊగే ఇంజన్‌కు బలం తక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి ఇంజనూ క్షణక్షణం తన వేగాన్ని తానే దిద్దుకుంటూ నడుస్తుంది. ఆ దిద్దుబాటు సకాలంలో, తగినంత మోతాదులో జరిగితే మనకు ఒకే తీరైన శబ్దం వినిపిస్తుంది. ఆలస్యంగా వచ్చినా, వచ్చినప్పుడు మోతాదు మించినా వేగం అటు దాటుతుంది, ఇటు దాటుతుంది. బావి దగ్గరి ఆయిల్ ఇంజన్ నుంచి అమెరికా సరస్సుల మీద గంటకు వంద మైళ్లు దాటి పరుగెత్తే సూపర్‌ఛార్జర్ పడవ దాకా సూత్రం ఇదే.

ముందు ఆయిల్ ఇంజన్‌ను చూద్దాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మోటలు పోయి కరెంటు మోటార్లు పూర్తిగా రాకముందు బావులను ఏలింది ఇదే. డీజిల్ ఇంజన్‌లోకి గాలి ఎంతైనా వెళ్తుంది, వేగాన్ని పట్టి ఉంచేది డీజిల్ మోతాదు ఒక్కటే. ఆ మోతాదును చూసుకునేది గవర్నర్. దానిలోపల తిరిగే బరువులు ఉంటాయి. వేగం పెరిగితే బరువులు బయటికి జరిగి పంపు ర్యాకును లాగి డీజిల్ తగ్గిస్తాయి. వేగం తగ్గితే స్ప్రింగు వాటిని లోపలికి నెట్టి డీజిల్ పెంచుతుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి తగిలించిన పద్ధతే ఇది.

ఇప్పుడు ఆ లింకుల్లో పాత గ్రీజు ఎండిపోయి, పైన దుబ్బ పట్టి బిగుసుకుందనుకోండి. వేగం కాస్త పెరిగినా ర్యాకు కదలదు. బాగా పెరిగాక ఒక్కసారిగా జారుతుంది, అవసరానికి మించి డీజిల్ కోస్తుంది. వేగం పడిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడూ అదే తంతు. ఇక్కడ చేతితో చేసే పరీక్ష ఒకటుంది. పాత మెకానిక్కులు మీటరు అవసరం లేకుండా తేల్చేది దీనితోనే. ఇంజన్ ఊగుతుండగా పంపు ర్యాకును కదిలించే లివర్‌ను రెండు వేళ్లతో మెల్లగా పట్టి ఒకచోట ఆపాలి. వేళ్లకు బరువుల లాగుడు తెలుస్తుంటుంది. పట్టి ఆపగానే ఊగడం ఆగిపోతే దోషం గవర్నర్‌ది: స్ప్రింగు సడలిందో, పిన్నులు అరిగాయో, లింకు బిగుసుకుందో. పట్టుకున్నా ఊగుతూనే ఉంటే గవర్నర్‌ను వదిలేసి డీజిల్ దారి చూడాలి. చాలాసార్లు పైపులోకి గాలి చొరబడి ఉంటుంది. బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు లివర్‌ను చేత్తో కొడుతూ, బుడగలు లేకుండా డీజిల్ కారేదాకా వదిలి బిగిస్తే సరి. లాంచీ డీజిల్ ఇంజన్‌కూ ఇవే రెండు ప్రశ్నలు.

వాట్ తర్వాత ఎనభై ఏళ్లకు, 1868లో, జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గవర్నర్ల మీద లెక్కలు కట్టి ఒక వ్యాసం రాశాడు. విద్యుదయస్కాంత సిద్ధాంతం రాసిన మాక్స్‌వెల్లే. ఏ గవర్నర్ కుదురుకుంటుంది, ఏది ఊగుతూ ఊగుతూ అదుపు తప్పుతుంది అన్నది అందులోని ప్రశ్న. ఇవాళ రాకెట్ల నుంచి ఏసీల దాకా అన్నిటినీ అదుపులో పెట్టే కంట్రోల్ శాస్త్రానికి మొదటి మెట్లలో అదొకటి. అంటే స్లోలో ఊగే ఇంజన్ చిన్న విషయమేమీ కాదు, మహామహుల్నే కూర్చోబెట్టింది.

ఈ ఊగిసలాటను ఇంజన్ లేకుండా అర్థం చేసుకోవాలంటే పాలమూరు వాళ్లు దూరం పోనక్కర్లేదు. కొత్తకోట దగ్గర, 1959లో పూర్తయిన సరళాసాగర్ ఉంది. దానికి మనుషులు ఎత్తే గేట్లకు బదులు ఆటోమేటిక్ సైఫన్లు ఉన్నాయి. నీళ్లు నిండు మట్టం దాటగానే సైఫన్ గొట్టంలోని గాలిని నీళ్లు లాక్కుపోతాయి, గొట్టం నిండిపోతుంది, ఒక్కసారిగా పూర్తి వేగంతో నీళ్లు దూకుతాయి. మట్టం కొంత తగ్గి గాలి లోపలికి దూరేదాకా ఆ దూకుడు ఆగదు. ఇలాంటి సైఫన్ స్వభావం ఇంతే: పైనుంచి వచ్చే వరద సైఫన్ వదిలేదానికన్నా తక్కువైతే అది మొదలవుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. మట్టం కొంచెం పెరిగితే కొంచెం వదలడం, కొంచెం తగ్గితే కొంచెం ఆపడం దానికి రాదు. ఊగే ఇంజన్‌కూ సరిగ్గా ఇదే లోపం.

పెట్రోల్ ఇంజన్ సంగతి ఇంకాస్త చిత్రమైనది. బైకు కార్బొరేటర్‌లో గవర్నర్ లేదు, అయినా స్లోలో నిలబడుతుంది. ఎలా? స్లోలో గాలి దారి దాదాపు మూసే ఉంటుంది. పిస్టన్లు లాగుతుంటే ఆ మూత కింద శూన్యం, మన మెకానిక్కుల మాటలో వాక్యూమ్, ఏర్పడుతుంది. వేగం కొంచెం తగ్గిందనుకోండి. అదే సందులోంచి వచ్చే గాలి ఇప్పుడు తక్కువ స్ట్రోకులకు పంచుకోబడుతుంది, కాబట్టి ఒక్కో స్ట్రోకుకు ఎక్కువ మిశ్రమం అందుతుంది. మంట బలపడి వేగం లేస్తుంది. ఎక్కువైతే దీనికి తిరగేసి జరుగుతుంది. ఎవరూ పెట్టని గవర్నర్ ఇది, ఇంజన్‌తోనే పుట్టింది.

ఇది పనిచేయాలంటే ప్రతి స్ట్రోకులోనూ మిశ్రమం అంటుకోవాలి. పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైతే, అంటే మిశ్రమం లీన్ అయితే, వేగం ఎక్కువగా ఉన్నప్పుడు సిలిండర్‌లోకి చేరే పలుచని మిశ్రమానికి లోపల మిగిలిన కాలిన పొగ కలిసి అది సరిగ్గా అంటుకోదు. ఒకటి రెండు స్ట్రోకులు వృథా పోతాయి, వేగం పడుతుంది. పడగానే ఒక్కో స్ట్రోకుకు మిశ్రమం చిక్కబడుతుంది, బాగా అంటుకుంటుంది, వేగం ఎగబాకుతుంది. ఎగబాకగానే మళ్లీ పలుచన. దీనికి తోడు పెట్రోల్ అంతా ఆవిరిగా వెళ్లదు. కొంత గొట్టం గోడలకు తడిగా అంటుకుని వాక్యూమ్ పెరిగినప్పుడు ఆలస్యంగా ఊడి వస్తుంది. ఆలస్యం ఎక్కడుంటే ఊగడం అక్కడుంటుంది.

షెడ్డులో స్లో పెంచితే బండి ఎందుకు నిలబడుతుందో ఇప్పుడు తెలుస్తుంది. గాలి మూత ఇంకాస్త తెరుచుకుంది, సిలిండర్లో ఎక్కువ మిశ్రమం చేరింది, పలుచనైనా అంటుకునే స్థితికి వచ్చింది. లీన్ మాత్రం లీన్‌గానే ఉంది. 1,400 ఆర్‌పీఎం దగ్గర ఉండాల్సిన బండి 2,000 దగ్గర అరుస్తూ నిలబడుతుంది, పెట్రోల్ తాగుతుంది, ఎండల్లో సిగ్నల్ దగ్గర వేడెక్కుతుంది.

లీనా కాదా తేల్చడానికి సులువైన దారి చోక్. ఇంజన్ వేడయ్యాక, ఊగుతుండగా, చోక్‌ను కొంచెం లాగండి. ఊగడం ఆగితే మిశ్రమానికి పెట్రోల్ చాలడం లేదని అర్థం. ఇంకా ముక్కుతూ నల్లపొగ వదిలితే పెట్రోలే ఎక్కువైంది. రిచ్ మిశ్రమంతోనూ ఇంజన్ ఊగుతుంది, కానీ ఆ ఊగుడు బరువుగా, మందంగా ఉంటుంది, పైగా పెట్రోల్ వాసన కొడుతుంది. లీన్ ఊగుడు తేలిగ్గా, చకచకా లేచిపడుతుంది. ఒకసారి రెండూ విన్న చెవికి తేడా మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ఈ మధ్య లీన్ ఫిర్యాదులకు మన దేశంలో ఇంకో కారణం తోడైంది. పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం 2022లో పది శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం పెట్రోల్ అమ్మకం మొదలై, 2025కల్లా దేశమంతా పరుచుకుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, అందుకని దానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోల్‌కు బరువు లెక్కన ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిసినదానికి 13.5 దగ్గర సరిపోతుంది. కొత్త ఇంజెక్షన్ బళ్లలో ఆక్సిజన్ సెన్సర్ దీన్ని పసిగట్టి పెట్రోల్ పెంచుతుంది. పాత కార్బొరేటర్‌కు ఆ కళ్లు లేవు. జెట్ రంధ్రం ఎంతుందో అంతే వదులుతుంది, గాలి మాత్రం మునుపటంతే వస్తుంది. లోపల అంతా బాగున్న పాత బండి కూడా కాస్త లీన్ వైపు జరిగిపోతుంది. అప్పటికే అంచు మీద ఉన్నది ఊగడం మొదలుపెడుతుంది. ఇక్కడ కావాల్సింది గాలి, పెట్రోల్ పాళ్లను దిద్దే మిక్చర్ స్క్రూ సర్దుబాటు, స్లో స్క్రూ కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలతో కొత్త బళ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైనా, ఊళ్లలో తిరిగే వాటిలో ఇంకా ఎన్నో పాతవే.

ఇక పడవ దగ్గరికి వద్దాం. మన నాగార్జునసాగర్‌లోనూ, సోమశిల నుంచి శ్రీశైలం పోయే దారిలోనూ నడిచే లాంచీలు జనాన్ని మోసే డీజిల్ పడవలు, వాటికి నింపాదే అందం. సూపర్‌ఛార్జర్ బిగించిన కార్బొరేటర్ పెట్రోల్ ఇంజన్లున్న పడవలు అమెరికాలో ఆరిజోనా అంచున ఉన్న లేక్ హవాసు లాంటిచోట్ల కనిపిస్తాయి. స్లో ఊగడం అనే జబ్బును పూర్తిగా చదవాలంటే మాత్రం ఆ ఇంజన్‌ను మించిన పుస్తకం లేదు. బైకులో ఒక్కటొక్కటిగా ఉండే కారణాలన్నీ అక్కడ ఒకేచోట పోగవుతాయి.

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్ బెల్టుతోనే తిరుగుతూ, లోపలికి గాలిని బలవంతంగా తోసే పంపు. వాటిలో పాత రకం రూట్స్ బ్లోయర్. ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు తీసుకున్నది కొలిమికి గాలి కొట్టడం లాంటి పనులకు. జనరల్ మోటార్స్ 1938లో తెచ్చిన టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్లలో ఇది తప్పనిసరి భాగం. వాటిలో 6-71 అనే రకానికి ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపుటంగుళాలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని ఒడ్డుకు దించిన హిగ్గిన్స్ పడవల్లో చాలావాటిని నడిపింది ఈ ఇంజనే. యుద్ధం తర్వాత పందెం కుర్రాళ్లు ఆ డీజిల్ ఇంజన్ల బ్లోయర్లను పీకి తమ వీ-8 పెట్రోల్ ఇంజన్ల నెత్తిన పెట్టుకున్నారు. పడవ ఇంజన్‌లోంచి బయటికొచ్చిన బ్లోయర్ అలా తిరిగి పడవకే చేరింది.

ఆ ఇంజన్‌లో కార్బొరేటర్లు బ్లోయర్ పైన కూర్చుంటాయి. తరచుగా రెండు, ఒక్కోదానికి నాలుగు గొంతులు. పైన కలిసిన గాలీ పెట్రోలూ తిరిగే రోటర్ల మధ్య నలిగి, కింద పెద్ద గదిలో నిండి, అప్పుడు సిలిండర్ చేరాలి. దారి పొడవు, తడి అంటుకునే గోడలు ఎక్కువ, గది పెద్దది. అంటే ఆలస్యం మామూలు ఇంజన్‌కన్నా చాలా ఎక్కువ. దీనికి తోడు ఎక్కువ వేగంలో బలం కోసం క్యామ్ షాఫ్టును అలా చెక్కుతారు: లోపలి వాల్వు, బయటి వాల్వు కొంతసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. వేగంగా నడిచేటప్పుడు లాభమే. స్లోలో మాత్రం కాలిన పొగ వెనక్కి కలిసిపోతుంది, వాక్యూమ్ తగ్గిపోతుంది, స్లో జెట్ నుంచి పెట్రోల్‌ను పీల్చే బలం తగ్గుతుంది. అన్నీ లీన్ ఊగుడు వైపే నెడతాయి.

ఇలా చెక్కిన పెద్ద క్యామ్ ఉన్న ఇంజన్‌కు స్లోలో ఎక్కువ గాలి కావాలి. గాలి కోసం స్లో స్క్రూ తిప్పి మూతలు ఎక్కువగా తెరుస్తారు. ఇక్కడే చిక్కు మొదలు. కార్బొరేటర్ గొంతులో మూత అంచు దగ్గర ఒక సన్నని నిలువు చీలిక ఉంటుంది. స్లో నుంచి వేగానికి మారేటప్పుడు పెట్రోల్ ఇవ్వడానికి పెట్టిన దారి అది. స్లోలో దాని అడుగు కొంచెమే, రమారమి ఒక చిన్న చదరమంత, మూత కింద కనిపించాలి. మూతలు ఎక్కువ తెరిస్తే చీలిక సగం బయటపడుతుంది. అప్పుడు పెట్రోల్ మిక్చర్ స్క్రూలను వదిలేసి చీలికలోంచి వస్తుంది. మిక్చర్ స్క్రూ తిప్పినా ఇంజన్ పలకదు. రెండు కార్బొరేటర్లకు కలిపి ఎనిమిది మిక్చర్ స్క్రూలున్నా ఒక్కటీ మాట వినదు. స్క్రూ పూర్తిగా మూసినా శబ్దం మారడం లేదంటే మూతలు ఎక్కువ తెరుచుకున్నాయనే గుర్తు. తెలిసినవాళ్లు ముందు మూతలను సరైన చోటికి మూస్తారు. కావాల్సిన అదనపు గాలిని వెనక గొంతుల మూతలు ఒక్క పిసరు తెరిచో, మూతల్లోనే చిన్న రంధ్రాలు వేసో ఇస్తారు. అప్పుడు మిక్చర్ స్క్రూలకు మళ్లీ ప్రాణం వస్తుంది. అప్పటికీ లీన్ పోకపోతేనే స్లో జెట్ రంధ్రం పెంచే మాట.

మిశ్రమం ఎంత దిద్దినా ఊగుడు పోకపోతే టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, చూడాలి. నా లెక్కలో ఎక్కువమంది వదిలేసేది దీన్నే. డిస్ట్రిబ్యూటర్‌లో కూడా తిరిగే చిన్న బరువులుంటాయి, వాట్ గవర్నర్‌కు చుట్టాలు. పని మాత్రం తలకిందులు. గవర్నర్ బరువులు వేగం పెరిగితే ఇంధనం కోస్తాయి. డిస్ట్రిబ్యూటర్ బరువులు వేగం పెరిగితే నిప్పురవ్వను ముందుకు జరుపుతాయి, దాంతో వేగం ఇంకా పెరుగుతుంది. ఆ బరువులు కదలడం స్లో వేగం దగ్గరే మొదలైతే ఊగుడుకు ఇంజన్ తానే ఊతం ఇస్తున్నట్టు. టైమింగ్ లైటు పెట్టి చూస్తే స్లోలో గుర్తు రాయిలా నిలబడాలి. నాట్యమాడుతుంటే గట్టి స్ప్రింగులు వేసి, స్లో దాటాకే అడ్వాన్సు మొదలయ్యేలా చేయాలి. చాలా పందెం ఇంజన్లలో టైమింగ్‌ను ఒకచోట కదలకుండా బిగించేస్తారు.

ఇక గాలి లీకు. కార్బొరేటర్ కింది గాస్కెట్, బ్లోయర్ కింది గాస్కెట్, షాఫ్టు చివరి సీళ్లు, బ్లోయర్ కింది ఒత్తిడి తెలియడానికి కార్బొరేటర్‌లోని పవర్ వాల్వుకు వేసే సన్నని గొట్టం, ఎక్కడ చీలినా లెక్కలో లేని గాలి లోపలికి వస్తుంది. కొంతమంది అనుమానమున్న చోట పెట్రోల్ చల్లి శబ్దం మారుతుందా అని చూస్తారు. షెడ్డులోనే ప్రమాదం, పడవలో ఆత్మహత్యే. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. పడవ అడుగున చేరి అక్కడే ఉంటుంది. అందుకే అమెరికాలో పెట్రోల్ పడవ ఇంజన్ స్టార్ట్ చేసేముందు అడుగు గాలిని బయటికి తోసే ఫ్యాను నాలుగు నిమిషాలు వేయమంటారు. ఇంజన్ కార్బొరేటర్ నోటికి మంట బయటికి రాకుండా ఆపే జాలీ ఉండాలన్న నిబంధన అక్కడ 1940 నుంచీ ఉంది. లీకు చూడాలంటే నీళ్లో, ఇంజన్ ఆయిల్ చుక్కో చాలు.

కారుకు లేని తిప్పలు పడవకు ఇంకో రెండున్నాయి. సరస్సు నీటినే లాక్కుని చల్లబరుచుకునే ఇంజన్‌లో థర్మోస్టాట్ లేకపోతే అది ఎప్పుడూ వేడెక్కదు. చల్లటి గోడల మీద పెట్రోల్ ఆవిరి కాక తడిగా మిగులుతుంది. ఆ స్థితిలో మిశ్రమం దిద్దడం వృథా. రెండోది గేరు. స్లో బాగాలేదని వేగం పెంచి పెట్టుకుంటే గేరు వేసిన ప్రతిసారీ డ్రైవ్ దబ్బున కొట్టుకుంటుంది, పళ్లు అరుగుతాయి. న్యూట్రల్ లేని జెట్ పడవైతే ఇంజన్ స్లోలో ఉన్నా రేవు దగ్గర పడవ ముందుకే దూకుతుంటుంది. బైకులో పెట్రోల్ దండుగతో పోయేది పడవలో పడవకే ముప్పు తెస్తుంది. గేరులో నడిచేటప్పుడు స్లో నిలబడితేనే సెట్టింగ్ అయినట్టు, న్యూట్రల్‌లో నిలబడితే కాదు.

ఇంజెక్షన్ బళ్లు ఈ జబ్బుకు అతీతమేమీ కాదు. కంప్యూటర్ వేగాన్ని చూస్తూ గాలిని, పెట్రోల్‌ను దిద్దుతుంటుంది. గాలి లీకో, థ్రాటిల్ బాడీలో మసో ఉంటే అదీ దిద్ది దిద్ది ఊగుతుంది. వాటిలో చాలావాటికి తిప్పడానికి స్లో స్క్రూ లేకపోవడమే మనకు జరిగిన మేలు.

మీ బండి గానీ, పెట్రోల్ పడవ గానీ స్లోలో ఊగుతుంటే మెకానిక్‌తో ఒక మాట అనండి: స్లో పెంచొద్దు, ముందు ఇంజన్‌ను బాగా వేడి కానీ, తర్వాత గాలి లీకు చూడు, టైమింగ్ చూడు, మిక్చర్ చూడు, ఆఖరున స్లో ముట్టు. పని తెలిసినవాడు ఈ మాటకు కోపగించుకోడు.